బుల్లెమ్మ నుదురు

మా తమ్ముడు సూరిబాబు ఫోన్ చేసి ముందుగా నా మోకాలి సంగతి అడిగాడంటే వాడి కారుకు ఏదో వచ్చిందని అర్థం. ఆ ఆదివారం కూడా అంతే. మోకాలు బాగానే ఉందన్నాను. "అయితే ఒకపాలి క్లాంగ్ రావేటక్కా. బ్రేకు తొక్కడానికి మనిషి కావాల" అన్నాడు. డెబ్బై దాటిన రిటైర్డ్ పంతులమ్మని, మెట్లెక్కితే మధ్యలో ఆగి ఎవరినో పలకరిస్తున్నట్టు నటించేదాన్ని, బ్రేకు తొక్కడానికి రమ్మనే తమ్ముడు లోకంలో ఇంకెవరికైనా ఉన్నాడో లేదో నాకు తెలీదు. "ఇంట్లో పుష్పం నేదేటి?" అన్నాను. పుష్పం వాడి భార్య. మలాయ్ అలవాటు చొప్పున మాట చివర 'లా' తగిలించి వాడన్నాడు, "దానికి భయం లా. బ్రేకు తొక్కమంటే కళ్ళు మూసుకుని హారన్ నొక్కేస్తాది. రెండుసార్లు అయినాది. బండి కింద నేనుండగా హారన్ మోగితే నా గుండె ఏటవుతాదో సెప్పు."

నవ్వాను గానీ వాడు నవ్వలేదు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. మా నాన్న కారు తనిఖీలో తప్పింది. అంత పాత బండికి తనిఖీ నెగ్గితేనే రోడ్డు మీదికి అనుమతి. బ్రేకు వేస్తే ఎడమ పక్కకు లాగుతోందనీ, దీపాలు సరిగ్గా వెలగడం లేదనీ తిప్పి పంపేశారట. మళ్ళీ గురువారం రమ్మన్నారు. వాడి కూతురు కీర్తన సైబర్‌జయలో ఉద్యోగం చేస్తూ కొత్తగా కారు కొనుక్కుంది. వాళ్ళ ఇంటి ముందు పోర్చిలో రెండు కార్లకే చోటు, ఒక చోట వాడు రోజూ నడిపే బండి ఉంటుంది. జోహోర్ నుంచి ఒకాయన, పాత కార్లు సేకరించే మనిషి, మా కారు కోసం మూడు నెలలుగా తిరుగుతున్నాడు. "ఈసారి నెగ్గితే కీర్తన బండి రోడ్డు మీద ఎట్టిస్తాను. నెగ్గకపోతే ఆయనకి ఇచ్చేస్తాను. మాట ఇచ్చేసినానక్కా" అన్నాడు. వాడి గొంతు వింటే ఇవ్వడానికి మనసు లేదని తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఉందా? మర్నాడు పొద్దున్నే బ్రిక్‌ఫీల్డ్స్‌లో నా ఫ్లాటుకు తాళం వేసి, మూలమీద దుకాణంలో వాడికిష్టమైన మురుకులు కొనుక్కుని, కమ్యూటర్ రైలెక్కాను.

ఆ కారు పేరు బుల్లెమ్మ. కంపెనీవాడు పెట్టిన పేరు వేరే ఉంది, అది మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. దిగువ పేరాక్‌లో ఒక రబ్బరు తోటలో మా నాన్న కిరాణీ, అంటే ఆఫీసు గుమాస్తా. తోట దొర తన దేశం వెళ్ళిపోతూ ఆ చిన్న నల్ల కారును నాన్నకు అప్పగించి వెళ్ళాడు. దాన్ని ఇంటి ముందుకు తెచ్చి ఆపిన రోజున నానమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, గుండ్రటి దీపాలు రెండూ తడిమి, "అచ్చం మా బుల్లెమ్మే" అంది. బుల్లెమ్మ ఆవిడ చెల్లెలు. శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, అక్క ఓడ ఎక్కి మలయా వచ్చేస్తే తాను అక్కడే ఉండిపోయిన మనిషి. "అదీ ఇలాగే పొట్టిగా, గుండ్రంగా కళ్ళేసుకుని ఉండీది. బతిమాలితేగానీ కదిలీది కాదు" అంది. మా కారు ఆ చెల్లెలి పేరు నిలబెట్టింది. వానాకాలం పొద్దుటిపూట దాన్ని బతిమాలడం మా ఇంటిల్లిపాదికీ పళ్ళు తోముకోవడంలాంటి పని.

నాన్న వారమంతా తెల్ల చొక్కా మనిషి. తెల్లారకుండానే పనివాళ్ళ హాజరు పిలవడానికి వెళ్ళేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన వెంట రబ్బరు పాల పుల్లటి వాసన వచ్చేది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం చొక్కా విప్పి, కైలీ లుంగీ పైకి మడిచి కట్టి, బుల్లెమ్మ కిందికి దూరేవాడు. బయటికి రెండు పాదాలే కనిపించేవి. అమ్మ ఆ పాదాలతోనే మాట్లాడేది. కాఫీ తాగుతారా అనడిగితే కుడి పాదం ఊగితే అవునని, కదలకపోతే విననట్టని లెక్క. డబ్బా పాలు పోసిన కాఫీ, కిరసనాయిలు, చక్రాల దగ్గర కారిన బ్రేకు నూనె, వెనకింట్లో కాల్చే ఎండుచేప, అన్నీ కలిసిన ఆ వాసనే నాకు ఆదివారం. ఇప్పటికీ ఏ మెకానిక్ షాపు ముందు నుంచి వెళ్ళినా అప్రయత్నంగా కాఫీ తాగాలనిపిస్తుంది.

బ్రేకులో గాలి చేరిందంటే పెడలు మెత్తగా, స్పాంజీ నొక్కినట్టు కిందికి దిగిపోతుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరుండాలి. ఒకరు లోపల కూర్చుని తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం వెనక చిన్న మర వదులు చేసి, నూనెతోపాటు బుడగల్ని సీసాలోకి వదలాలి. మర బిగించేదాకా లోపలి మనిషి కాలు తీయకూడదు. తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి వచ్చేస్తుంది. ఆ పనికి మా ఇంట్లో నానమ్మను మించినవాళ్ళు లేరు. చీర కుచ్చెళ్ళు బిగదోపి, చెప్పులు బయట విడిచి, సీటుకి దండం పెట్టి ఎక్కేది. పాదం కింద అమ్మవారు ఉంటుందని ఆవిడ నమ్మకం, అందుకని ఉత్త కాలితోనే తొక్కేది. "తొక్కమ్మా" అని కింద నుంచి నాన్న. "తొక్కినాను" అని పై నుంచి ఆవిడ. "ఇడువు." "ఇడిసినాను." నాన్న ఎప్పుడైనా మర బిగించడం ఆలస్యం చేస్తే, "ఒరే, నిద్దరోయినావేటి? ఈ కాళ్ళు ఒబ్బిడిగా వడ్లు తొక్కిన కాళ్ళురా, నీ బ్రేకొక లెక్కా!" అని పైనుంచి కేక. ఆవిడ కాలు ఎప్పుడూ ముందుగా లేవలేదు. ఆ బ్రేకుల్ని నమ్ముకుని మేం కొండదారిలో తైపింగ్ దాకా వెళ్ళొచ్చామంటే, సగం పుణ్యం ఆ పాదానిదే.

ఆ ఇంట్లో పెద్ద పండగంటే నాకు ఆయుధ పూజే. ముందురోజు నాన్న స్పానర్లు, సుత్తి, పంపు, ఊడదీయగలిగినవన్నీ ఊడదీసి, కడిగి తుడిచి, వరండాలో పాత పేపర్ల మీద వరసగా పరిచేవాడు. గంధం అరగదీయడం నా పని. మోచెయ్యి నొప్పెట్టేదాకా సానమీద తిప్పేదాన్ని. పూజ రోజున నానమ్మ మూడు వేళ్ళతో మూడు గిన్నెల్లోంచి గంధం, పసుపు, కుంకుమ తీసుకుని ఒక్కోదానికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చేది. రేడియోకి, అమ్మ కుట్టుమిషనుకి, నా పెన్సిలు పెట్టెకి, ఆఖరుకి బుల్లెమ్మకి. దీపాల మీద, స్టీరింగు మీద, చక్రాల మీద అయ్యాక ముందు మూత ఎత్తించేది. బాటరీ దగ్గర తుడవడానికని నాన్న అప్పటికి ఒక మందపాటి తీగ విప్పి పక్కకు వంచి ఉంచేవాడు. ఆ తీగ బోల్టుతో బిగించే చోట, ఇంజను వెనక ఇనప గోడమీద, ఇరవై సెంట్ల బిళ్ళంత మేర రంగు లేకుండా ఇనుము మెరుస్తూ ఉండేది. మొదటి ఏడు దాన్ని చూడగానే నానమ్మ గుండెమీద చెయ్యేసుకుంది.

"ఇదేట్రా? ఒళ్ళంతా నల్లగా రంగేసి నుదురు బోసిగా ఇడిసేసినారు?"

"అక్కడ రంగుండకూడదమ్మా. దీపాలన్నిటికీ ఎల్లిన కరెంటు తిరిగి ఆ చోటునుంచే బాటరీకి వస్తాది. ఇనుముకి ఇనుము తగలాల" అన్నాడు నాన్న.

"వస్తాదిలే, నానొద్దన్నానేటి? ఆడకూతురు కదరా. బోసి నుదుటితో రోడ్డెక్కుతాదేటి?"

నాన్న నోరు తెరిచి, మూసి, కైలీ సర్దుకున్నాడు. నానమ్మ ఆ మెరిసే చోట గంధం దట్టంగా రాసి, మీద పసుపు, దాని మీద కుంకుమ పెట్టింది. తడి ఆరకుండానే నాన్న దానిమీద తీగ పెట్టి బోల్టు బిగించేశాడు. లోపల బొట్టు ఉందని తెలిస్తే చాలు, పైకి కనపడక్కర్లేదు ఆవిడకి. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించడం, గుమ్మడికాయ పగలగొట్టడం, మరమరాలూ శనగలూ పంచడం, అన్నీ అయ్యాక అందరం బుల్లెమ్మ ఎక్కి తోట చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్ళం. ఎవరి పిచ్చి వారికానందం. ఆ ఏడు నుంచి బుల్లెమ్మ నుదుటి బొట్టు మా ఇంటి ఆచారమైపోయింది.

పూజ మర్నాడు పొద్దున ఇంకొకటి జరిగేది. అప్పుడు నేను దాన్ని ఆచారంలో భాగమనుకోలేదు. సూరిబాబుకైతే అసలు తెలియదు, వాడు పొద్దెక్కేదాకా లేచేవాడు కాదు. వరండా అవతల బుల్లెమ్మ దగ్గర గరగరమని ఉప్పు కాగితంతో ఇనుము రుద్దుతున్న చప్పుడు వినిపించేది. తుప్పు గీకుతున్నాడులే అనుకునేదాన్ని. సరిగ్గా ఆ చప్పుడు మొదలవగానే నానమ్మ వంటింట్లో రోకలి అందుకునేది. దభీ దభీమని ఇల్లంతా అదిరేలా దంచేది. ఒక ఏడు మంచినీళ్ళకని వెళ్ళి చూస్తే రోట్లో గింజ లేదు. "ఏటి నానమ్మా, ఉత్త రోలు దంచుతున్నావు?" అంటే, "రోలుకి పొడి అంటుకుంది, దులుపుతున్నాను. నువ్వు ఎల్లి చదువుకో" అంది. బయట గరగర ఆగాక లోపల దభీ ఆగేది. తర్వాత నాన్న చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చునేవాడు, ఆవిడ వేడి వేడిగా అట్టు వేసేది. ఇద్దరిలో ఎవరూ కారు మాటెత్తేవారు కాదు.

క్లాంగ్‌లో దిగి వాడి ఇంటికి వెళ్ళేసరికి సూరిబాబు కైలీ కట్టి, సరిగ్గా నాన్నలాగే బుల్లెమ్మ కింద ఉన్నాడు. పాదాలు కూడా అవే. చక్రాల దగ్గర కారుతున్న రబ్బరు వాషర్లన్నీ మార్చేశానన్నాడు. నేను చెప్పులు విడిచి, సీటుకి దండం పెట్టి, మోకాలిని తిట్టుకుంటూ ఎక్కాను. సీటు మీద ఎర్ర తోలు వాసన ఇంకా పోలేదు. "తొక్కక్కా." "తొక్కినాను." "ఇడువు." "ఇడిసినాను." తొక్కేకొద్దీ కాలి కింద స్పాంజీ గట్టిపడి రాయిలా నిలబడింది. వాళ్ళ వీధిలో ఒక చుట్టు తిప్పి బ్రేకు వేస్తే ఎటూ లాగకుండా నిలువుగా ఆగింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు పోర్చిలోకి వచ్చేసరికే పోయింది. పుష్పం వెనక నిలబడి చూస్తోంది. "అక్కా, బ్రేకు లైటు వరుది, ఆనా డల్లా ఇరుక్కు" అంది తమిళంలో. వెలుగుతోంది కానీ మసగ్గా. పైగా నేను బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు దీపాలు నీరసపడుతున్నాయి, మలుపు దీపం తనంతట తనే మిణుకుమంటోంది. హారన్ నొక్కితే జలుబు చేసిన కప్పలాగుంది.

ఆ దీపాలకి వాడు చేయని వైద్యం లేదు. బల్బులు మార్చాడు, బ్రేకు స్విచ్చి మార్చాడు, వెనక్కి వెళ్ళే వైర్లు కొత్తవి లాగాడు, కొత్త బాటరీ వేశాడు. "అలమాక్, ఇంకేటి మార్చాలక్కా? నన్నే మార్చాల" అని మెట్టు మీద కూలబడ్డాడు. చేతులు నూనె, కళ్ళు తడి. అరవై ఐదేళ్ళ మనిషి. "నాన్న నాకు ఇచ్చినాడు అక్కా. నా చేతిలోనే పోతాదేటి?" అన్నాడు. వాడి వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను.

ఒకటి తొక్కితే ఇంకొకటి వెలగడం, అన్నీ ఒక్కసారే నీరసపడడం. ఇది నేను చూసినదే. ఎక్కడ చూశానా అని ఆలోచిస్తూ ఉంటే, ఒక వానాకాలం సాయంత్రం నాన్న చేతిలో విడి తీగ ముక్క గుర్తొచ్చింది. ఒక కొస బాటరీకి, రెండో కొస కారు ఒంటికి ఆనించి, "ఇప్పుడు సూడు" అన్నాడు. దీపాలు భగ్గుమన్నాయి. "ఎల్లే దారి బాగానే ఉంది. తిరిగొచ్చే దారే మూసుకుపోనాది" అన్నాడు. నేను సూరిబాబును లేపి మందపాటి తీగ ఒకటి తెమ్మన్నాను. వాడు అలాగే రెండు కొసలూ ఆనించాడు. పుష్పం కేక పెట్టింది. బ్రేకు దీపాలు రెండూ ఎర్రగా, నిండుగా వెలుగుతున్నాయి. హారన్ నొక్కితే పక్కింటి కుక్క లేచి నిలబడింది.

అప్పుడు వాడూ నేనూ ఒకేసారి ముందు మూతలోకి, ఆ బోల్టు వైపు చూశాం. "నుదురు" అన్నాడు వాడు మెల్లగా. సోమవారం ఆఫీసు ఎగ్గొట్టి ఇంట్లోనే ఉన్న కీర్తన గుమ్మంలోంచి, "అత్తా, నుదురు అంటే వాట్?" అంది. నుదుటి మీద వేలుపెట్టి చూపించాను.

బోల్టు విప్పి తీగ లాగితే అది రాలేదు, అతుక్కుపోయి ఉంది. గట్టిగా లాగితే పెళుసుగా ఊడింది. కింద ఇనుము లేదు. గంధం, పసుపు, కుంకుమ, పొర మీద పొర గట్టిపడి, అంచుల్లో పచ్చగా చిలుమెక్కి, వేలి మందాన ఒక బిళ్ళ. ఇన్నాళ్ళూ బోల్టు మరగుండా తిరిగొచ్చినంతే కరెంటు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. "ప్రతి ఏడూ ఎడుతున్నానక్కా. నాన్న పోయినకాడి నుంచి ఒక్క ఏడు కూడా మానలేదు. నానమ్మ ఎట్టినట్టే, లోపలే ఎట్టినాను. నాన్నకెప్పుడూ ఏటీ అవలేదు గదా?" అన్నాడు అయోమయంగా.

నాన్నకెందుకు అవలేదో నాకప్పుడు తెలిసింది. పూజ మర్నాటి గరగర నా చెవిలో మోగింది. తల్లి పెట్టిన బొట్టును ఆయన ఒక్క రోజు ఉంచి, తెల్లారగానే గీకేసి, ఇనుముకి ఇనుము తగిలించి, మాట్లాడకుండా వచ్చి అట్టు తినేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తల్లికి తెలుస్తుందని కాబోలు, కొడుక్కి కూడా చెప్పకుండా పోయాడు. సూరిబాబుకు సగం ఆచారమే దక్కింది. పాపం, దాన్ని ఒక్క ఏడూ తప్పకుండా నిలబెట్టుకుంటూ వచ్చాడు.

ఇది వాడికి చెబుతూ చెబుతూ ఉండగానే ఇంకొకటి గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయాను. ఒక ఏడు ఆయుధ పూజకు నాన్న ఇంట్లో లేడు. టైఫాయిడ్‌తో పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. పూజ మానడానికి వీల్లేదని నానమ్మ పట్టుపడితే, అమ్మే స్పానర్ పట్టుకుని తంటాలు పడి ఆ తీగ విప్పింది. నేను గంధం గిన్నెతో పక్కన ఉన్నాను. "అత్తా, నుదుటికి బొట్టు" అంది అమ్మ. నానమ్మ వేలు ముంచింది, ఆ మెరిసే చోటుదాకా తెచ్చింది, ఆపేసింది. "ఈ ఏడు లోపలొద్దమ్మా. మూసేసి బోల్టు మీద ఎట్టేద్దాం" అంది. అమ్మ ఎందుకనడిగింది. "ఆడు ఇంట్లో లేడు గదా. రేపు గీకడానికి ఎవులున్నారు?"

ఆవిడకు తెలుసు. మొదటి ఏటి నుంచీ తెలుసు. అందుకే ఆ రోకలి, అందుకే ఆ ఉత్త రోలు. కొడుకు చప్పుడు తన చెవిన పడలేదని వాడనుకోవాలి, అంతే. ఆవిడ బొట్టు ఆవిడ పెట్టింది, ఆయన పని ఆయన చేసుకున్నాడు, ఒకరి ముందు ఒకరు తలదించుకునే అవసరం ఇద్దరికీ రానివ్వలేదు. అరవై ఏళ్ళు ఆలస్యంగా, క్లాంగ్‌లో ఒక పోర్చిలో, నూనె చేతుల తమ్ముడి పక్కన నిలబడి నేను భోరుమని ఏడ్చాను. పుష్పం పరుగున మంచినీళ్ళు తెచ్చింది. ఇప్పుడు మా కుటుంబానికి ఫోన్‌లో ఒక గ్రూపుంది. ఎవరికి ఏం తోచినా అందులో పెడతాం, తప్పుంటే అక్కడే దిద్దుతాం, మనసు నొచ్చుకుంటే అదీ అక్కడే రాస్తాం. దాచుకోవడం మంచిది కాదని పిల్లలు అంటారు. నిజమే కావచ్చు. కానీ ఒకరి నమ్మకాన్ని ఇంకొకరు గాయం కాకుండా గీకడం ఎలాగో ఆ ఇంట్లోవాళ్ళకి తెలిసినట్టు మాకు తెలియదు.

సూరిబాబు ఉప్పు కాగితం తెచ్చి, ఇరవై సెంట్ల బిళ్ళంత మేర ఇనుము మెరిసేదాకా రుద్దాడు. ఊడిన బిళ్ళను పుష్పం పారేయనివ్వలేదు, తమలపాకులో పెట్టి దేవుడి అలమరలో ఉంచింది. గురువారం తనిఖీకి నేనూ వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు, గాజు అవతల కూర్చున్నాను. బుల్లెమ్మను బ్రేకుల యంత్రం మీదికి ఎక్కించారు, వెనక దీపాల దగ్గర ఒక మలాయ్ అబ్బాయి వంగి చూశాడు. సూరిబాబు పెదవులు కదలడం కనిపించింది. ఏ మంత్రం చదివాడో అడగలేదు. బయటికొచ్చి, "నెగ్గినాదక్కా" అన్నాడు. జోహోర్ ఆయనకి నా ముందే ఫోన్ చేసి, "సారీ అంకుల్, అది మా చిన్న నానమ్మ లా, ఇవ్వడానికి అవదు" అన్నాడు. ఆయనకేం అర్థమైందో ఏమో.

తర్వాత కొద్ది వారాలకే ఆయుధ పూజ. బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి గంధపు చెక్క నేనే పట్టుకెళ్ళి, మోచెయ్యి నొప్పెట్టేదాకా అరగదీశాను. కీర్తన తన ల్యాప్‌టాప్ తెచ్చి పేపరు మీద పెట్టింది. అన్నిటికీ బొట్లు పెట్టడం పెద్దదాన్నని నాకే అప్పగించారు. సూరిబాబు మూత ఎత్తి, తీగ విప్పి పక్కకు వంచాడు. నుదురు బోసిగా మెరుస్తోంది. "అక్కా, బోల్టు మీద" అంటున్నాడు వాడు. నేను విననట్టు వేలు ముంచి, ఆ మెరిసే ఇనుము మీద గంధం దట్టంగా రాసి, పసుపు అద్ది, కుంకుమ పెట్టాను. వాడు నా ముఖం చూశాడు. నోరు తెరిచి, మూసి, కైలీ సర్దుకుని, తీగ పెట్టి బోల్టు బిగించేశాడు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున్నే వంటింట్లో కాఫీ పెడుతుంటే పోర్చిలోంచి గరగరమని వినిపించింది. కీర్తన కళ్ళు నులుముకుంటూ వచ్చి, "అత్తా, డాడీ ఏటి సేస్తున్నారు?" అంది. "నాకేటి తెలుసమ్మా" అని, చేతికందిన మిక్సీ ఆన్ చేశాను. అందులో ఏమీ వేయలేదని పుష్పం చూసింది. చూసి, గుమ్మం తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.